స్టపీలియాకు కావలసింది ఎండా, నీడా?

ఆకుల్లేని కాడలు, కాడ నిండా నీరు, అడుగున కంకర కలిసిన మట్టి. ఈ మూడూ ఒక కుండీలో కనిపిస్తే ఎవరైనా దాన్ని ఎడారి మొక్కల జాబితాలో వేసేస్తారు. దక్షిణాఫ్రికా నుంచి లోకమంతా పాకిన స్టపీలియాకు పట్టిన గతి అదే. పుస్తకాల్లో, నర్సరీల్లో, మిద్దె తోటల వాళ్ల మాటల్లో దాని గురించి వినిపించే సలహాలు ఒకదానితో ఒకటి పొసగవు. నిండు ఎండలో పెట్టమంటారు ఒకరు, కిటికీ పక్కన వెలుతురు చాలంటారు ఇంకొకరు. నెలకోసారి నీళ్లు చాలని ఒకరంటే, మట్టి ఆరిన ప్రతిసారీ పోయాలని మరొకరు. ఇన్ని రకాలుగా చెప్పేవాళ్లందరి దగ్గరా బతికిన మొక్కలున్నాయి, కుళ్లిపోయిన మొక్కలూ ఉన్నాయి. కాబట్టి ఎవరి అనుభవం గొప్పదో తేల్చుకోవడం వల్ల ప్రయోజనం లేదు. ఆ మొక్క పుట్టిన చోట ఎలా బతుకుతోంది, దాని ఒంటి తీరు ఏం చెబుతోంది అన్నవి చూసి, ఆ రెండింటితో ఈ సలహాలను తూచాలి. అలా తూచితే స్టపీలియా ఎడారి మొక్క కాదనీ, పొద నీడన బతికే మొక్క అనీ తేలుతుంది. ఎండ, నీరు, మట్టి, పూత గురించిన తగువులు చాలావరకు ఈ తేడా దగ్గరే తెగుతాయి. దాని దుర్వాసన మీద ఉన్న ఫిర్యాదు కూడా కొంత మెత్తబడుతుంది.

ఈ జాతి మొక్కల గురించి యూరప్‌కు అందిన తొలి కబురు 1624 నాటిది. తూర్పు దేశాలకు ఓడలో వెళుతున్న డచ్చి మతప్రచారకుడు యుస్టుస్ హ్యూర్నియస్ ఆఫ్రికా దక్షిణపు కొసన ఆగినప్పుడు టేబుల్ మౌంటెన్ పరిసరాల్లో కొన్ని మొక్కల బొమ్మలు గీశాడు. అందులో ఒకటి, ఇప్పుడు ఓర్బియా వేరిగేటా అంటున్న మచ్చల పువ్వు మొక్క. థియోఫ్రాస్టస్ వృక్షగ్రంథానికి వ్యాఖ్యానం రాసిన బోడియస్ ఫాన్ స్టాపెల్ పుస్తకంలో అది 1644లో అచ్చయింది. ఆయన పేరు మీదే లిన్నేయస్ ఈ ప్రజాతికి స్టపీలియా అని పేరు పెట్టాడు. బొమ్మ గీసిన హ్యూర్నియస్ పేరు మరో ప్రజాతికి దక్కింది గానీ అక్షరాలు తారుమారై హ్యూర్నియా కాస్తా హుయర్నియా అయింది. లండన్ క్యూ ఉద్యానం పంపగా 1772లో కేప్‌లో దిగిన ఫ్రాన్సిస్ మాసన్ ఈ మొక్కల మీదే ప్రత్యేకంగా ఒక బొమ్మల పుస్తకం తెచ్చాడు. ఆ తరవాత 1937లో అలైన్ వైట్, బాయిడ్ స్లోన్ మూడు సంపుటాలు, 2005లో పీటర్ బ్రయిన్స్ రెండు సంపుటాలు వెలువరించారు. ఇంత పొడవైన చరిత్రలో పేర్లు ఎన్నిసార్లు మారినా, అడవిలో తిరిగి చూసినవాళ్ల వర్ణనల్లో మారని మాట ఒకటుంది. స్టపీలియా పొదల మొదట్లోనో, బండల నెర్రెల్లోనో, చెట్ల పలచని నీడలోనో కనిపిస్తుంది. బట్టబయలు నేల మీద దొరకడం తక్కువ.

అలా ఎందుకుంటుందో ఊహించడం కష్టమేమీ కాదు. జిల్లేడు కాయ పగిలినప్పుడు గింజలు దూది కుచ్చులతో ఎగరడం మనకు తెలిసిందే. స్టపీలియా జిల్లేడు కుటుంబానిదే. దాని కాయలూ జంట కొమ్ముల్లా లేచి, పగిలి, కుచ్చు గింజలను గాలికి వదులుతాయి. ఆ గింజలు ఎగిరి ఎగిరి ఏ ముళ్ల పొద అడుగునో చిక్కుకుంటాయి. తడి తగిలితే రెండు మూడు రోజుల్లోనే మొలుస్తాయి. బయలు నేలలో మొలిచినవి మధ్యాహ్నపు వేడికి మాడిపోతాయి, లేదా మేకల నోట పడతాయి. పొద కింద మొలిచిన వాటికి నేల చల్లగా ఉంటుంది, రాలిన ఆకు కొంత ఎరువవుతుంది, ముళ్లు కావలి కాస్తాయి. పెద్దయ్యాక కూడా మొక్క అక్కడే, ఇల్లుగలవాడి గోడల మధ్య అద్దెకున్న మనిషిలా, పొద ఇచ్చిన చోటులోనే పక్కలకు పాకుతుంది. దాని ఒళ్లు కూడా ఈ బతుక్కి తగ్గట్టే ఉంది. కాక్టస్‌కు దట్టమైన ముళ్లు, మందమైన మైనపు తొక్క ఉంటాయి. వాటితో తన ఒంటికి తానే కొంత నీడ చేసుకుంటుంది. స్టపీలియా కాడకు ముళ్లు లేవు. నాలుగు అంచుల మీద పళ్లలా కనిపించేవి మెత్తని బుడిపెలు, రాలిపోయిన చిట్టి ఆకుల గుర్తులు. తొక్క మీద ఉన్నది ముఖమల్ లాంటి సన్నని నూగు. వేళ్లు లోతుకు పోవు, పైపైనే పరుచుకుంటాయి. నేలను తాకిన కాడ అక్కడికక్కడ వేరు పోస్తుంది. లోతు నీటి కోసం తవ్వుకుపోయే మొక్క కట్టుబాటు ఇది కాదు. పైపొరలో కొద్దిసేపు నిలిచే తడిని అందుకుని కాడలో దాచుకునే మొక్కది.

దీనికి ఎదురయ్యే మొదటి అభ్యంతరం హూడియా. అదీ స్టపీలియా బంధువే. నమీబియాలో, దక్షిణాఫ్రికా ఉత్తర కేప్‌లో కంకర మైదానాల మధ్య నిలువెల్లా ముళ్లతో, నిండు ఎండలో, మాంసపు రంగు పళ్లేల్లాంటి పూలతో నిలబడి ఉంటుంది. నిజమే, దాన్ని నీడలో పెడితే బక్కచిక్కి వంగిపోతుంది. కానీ హూడియా ఒంటిని గమనిస్తే ఈ మినహాయింపు నా వాదనకే బలం. దాని కాడ గట్టిది, బూడిద రంగు మైనపు తొక్క, వరసలు వరసలుగా ముళ్లు. పసితనంలో అదీ తరచుగా ఏదో ఒక పొద పక్కనే మొదలవుతుంది, పెరిగి పొదను మించిపోయాకనే బయటి ఎండకు నిలుస్తుంది. ఒంటికి కాపు ఉన్నది ఎండలో బతుకుతుంది, లేనిది నీడ వెతుక్కుంటుంది. కాబట్టి ఈ కుటుంబమంతటికీ ఒకే సూత్రం అతికించడం తప్పే. మొక్క తొక్కను, ముళ్లను చూసి చోటు నిర్ణయించాలి. నర్సరీ చీటీ మీద గీసిన సూర్యుడి బొమ్మను అంతగా నమ్మనక్కర లేదు.

రెండో అభ్యంతరం ఇంకాస్త బలమైనది. మిద్దె మీద నిండు ఎండలో ఏళ్ల తరబడి బతుకుతున్న స్టపీలియా జైగాంటియాలు ఎన్నో కనిపిస్తాయి కదా, పైగా ఎండలో ఉన్నవే బాగా పూస్తాయి కదా అని అడగవచ్చు. బతుకుతాయి. ఈ ప్రజాతిలో మొండి మొక్క అది. దాన్ని 1877లో ఎన్.ఇ. బ్రౌన్ జులులాండ్ నుంచి వచ్చిన నమూనా మీద వర్ణించాడు. అది దక్షిణాఫ్రికా తూర్పు భాగం నుంచి ఉత్తరాన టాంజానియా దాకా విస్తరించింది, అంటే రకరకాల వాతావరణాలకు అలవాటు పడినది. అది తట్టుకుందని మిగతా జాతులూ తట్టుకుంటాయనుకోకూడదు. అదీగాక నిండు ఎండలో దాని కాడలు ఎర్రబారడం చూసి చాలామంది మురిసిపోతారు. ఆ ఎరుపు, వెలుతురు వాడుకోగలిగిన దానికన్నా ఎక్కువైనప్పుడు మొక్క తన పచ్చదనాన్ని కాపాడుకోవడానికి తెచ్చుకునే రంగు. కొంచెం ఎర్రబారితే హాని లేదు. కాడ కుదించుకుపోయి, కొసలు ఎండి, ఆ ఏడాది కొత్త కొమ్మలు రాకపోతే మాత్రం అది ఎండదెబ్బే. ఎండలో బాగా పూస్తుందన్న పరిశీలనలో నిజముంది, కానీ దాన్ని చదువుకోవలసిన తీరు వేరు. చీకటి మూలల్లో పెట్టినవి పూయవు గనుక, వాటితో పోలిస్తే ఎండలో ఉన్నవి పూస్తున్నట్టు కనిపిస్తాయి. పొద కింద ఉండేది చీకటి కాదు. అక్కడ ఉదయపు ఎండ వాలుగా తగులుతుంది, మధ్యాహ్నం ఆకుల సందుల్లోంచి చిలికినట్టు పడుతుంది. కుండీకి కావలసిందీ అదే. పొద్దున రెండు మూడు గంటల నేరు ఎండ, తరవాత షేడ్ నెట్ కిందనో ఏ కరివేపాకు చెట్టు పక్కనో గడిచే వెలుతురు.

నీళ్ల విషయానికొస్తే ఎడారి మొక్కన్న ఊహ చేసే చెడు మరీ ఎక్కువ. ఆ ఊహతో కుండీని నెలల తరబడి ఎండగడతారు. కాడ ముడతలు పడితే కంగారుపడి ఒకేసారి నిండా పోస్తారు. వారం తిరిగేసరికి మొదలు నల్లబడి కూలిపోతుంది. నీళ్లు ఎక్కువై చచ్చిపోయిందని తీర్పు వస్తుంది. అసలు జరిగింది వేరు. పైపైన పరుచుకున్న సన్నని వేళ్లు ఎండకట్టిన నెలల్లోనే చచ్చిపోయాయి. నీళ్లు పోసినప్పుడు వాటిని పీల్చే వేరు లేదు. తడిసిన మట్టిలో ఉన్నది కుళ్లే వేళ్లు, ఆ కుళ్లు గుండా కాడలోకి దారి చేసుకునే శిలీంధ్రాలు. అంటే చాలావరకు కుళ్లుకు మూలం ఎండబెట్టడంలో ఉంది. పొద నీడ నేల ఇలా పూర్తిగా ఎండదు. ఆకులో, రాతిలో కాసింత తడి మిగులుతుంది. దాన్ని కుండీలోకి తేవాలంటే ఎదిగే కాలంలో మట్టి పైన రెండు మూడు సెంటీమీటర్లు ఆరగానే అడుగు రంధ్రం నుంచి కారేదాకా పోయాలి. చలికాలంలో రెండు మూడు వారాలకోసారి వేరు బతికేటంత తడి చాలు. ఈ రెండో పని మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

ఎదిగే కాలం ఏదన్నది మాత్రం జాతి పుట్టిన ఊరిని బట్టి మారుతుంది. దక్షిణాఫ్రికా పడమటి కొసన వానలు చలికాలంలో పడతాయి, తూర్పున వేసవిలో. స్టపీలియా బంధువులైన, నమాక్వాలాండ్ ప్రాంతపు క్వాక్వా జాతులు చలికాలపు వానకు కట్టుబడినవి. వాటిని వేడి తేమగా ఉండే చోట నిలబెట్టడం అనుభవజ్ఞులకే కష్టం. ఓర్బియా వేరిగేటాది పడమటి కేప్ తీరమే అయినా ఏ కాలానికైనా సర్దుకుంటుంది. ఆస్ట్రేలియా దక్షిణ భాగంలో అది కలుపు మొక్కగా పాకిపోవడమే ఇందుకు సాక్ష్యం. స్టపీలియా జైగాంటియా, ముదురు మెరూన్ గంటల్లాంటి పూలున్న స్టపీలియా లీండెర్ట్‌జియే, చారల హుయర్నియా జెబ్రైనా తూర్పు, ఉత్తర భాగాలవి, వేసవి వాన ఎరిగినవి. భారతదేశంలో పెంచేవాళ్లు మొదట ఎంచుకోవలసినవి ఇవే. మన నైరుతి రుతుపవనం వాటి సొంత కేలండర్‌కు దగ్గరగా ఉంటుంది, అర్ధగోళం మారినందున నెలల పేర్లు మాత్రమే తిరగబడతాయి.

ఇక్కడ ఒక శరీరధర్మ సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే మే నెల గురించి పెంపకందారుల మధ్య ఉన్న తగువు దీనితోనే తెగుతుంది. చాలా రసమొక్కల్లాగే స్టపీలియా పగలు కాడ మీది రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి గాలి పీలుస్తుంది. రాత్రి పీల్చిన బొగ్గుపులుసు వాయువును ఆమ్లంగా దాచుకుని, పగటి వెలుతురులో దాన్ని చక్కెరగా మార్చుకుంటుంది. నీటి ఆదా దీనివల్లే. కానీ ఈ పద్ధతికి రాత్రి చల్లబడాలి. పగలు 43 డిగ్రీలు కాసి, రాత్రయినా ముప్పైకి అటూ ఇటూ ఉండిపోయే మే నెలలో మొక్కకు పెద్దగా సంపాదన ఉండదు. అప్పుడు కాడలు వాడినట్టు కనిపిస్తే అది దాహమని మధ్యాహ్నం నీళ్లు గుమ్మరించడం, ఎరువు వేయడం రెండూ చేటే. నీడ పెంచి, సాయంత్రం పొద్దుపోయాక కాస్త తడిపి, తొలకరి దాకా ఓపిక పట్టడం మేలు. జూన్‌లో మబ్బు పట్టి రాత్రులు చల్లబడగానే కొసల్లో కొత్త పచ్చదనం దానంతటదే వస్తుంది.

తెలుగు నేలకు ఈ చర్చతో ఉన్న చుట్టరికం వాతావరణంతోనే ఆగదు. రాయలసీమ గుట్టల్లో, తెలంగాణ బండల మధ్య కుందేటి కొమ్ములు పెరుగుతాయి. పచ్చిగా నమిలేవాళ్లున్నారు, పచ్చడి చేసుకునేవాళ్లున్నారు. ఆ మొక్క స్టపీలియాకు దగ్గరి బంధువు. ఎంత దగ్గరంటే, సామర్లకోటలో ఏళ్ల తరబడి మొక్కలు పెంచి పరిశీలించిన విలియం రాక్స్‌బరో, 1795లో మొదలైన తన కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంలో దాన్ని స్టపీలియా అనే వర్ణించాడు. తెలుగువాళ్ల నోట తాను విన్న పేరునూ అక్కడ రాసుకున్నాడు. తరవాత రాబర్ట్ బ్రౌన్ దాన్ని వేరుచేసి కరల్లుమా అని కొత్త ప్రజాతి పెట్టినప్పుడు ఆ తెలుగు పేరునే తీసుకున్నాడు. కుందేటి కొమ్ములు ఎక్కడ దొరుకుతాయో ఏ గొర్రెల కాపరినడిగినా చెబుతాడు: ముళ్ల కంపల మొదట్లో, బండ సందుల్లో. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో, అంత ఎండలో, ఈ కుటుంబపు మొక్క బయలు వదిలి పొద కిందికే చేరిందంటే, వేల మైళ్ల దూరాన దాని బంధువు చేసేది కూడా అదేనంటే, ఇది ఏదో ఒక్క జాతి చాదస్తం అనుకోలేం. స్టపీలియా ఎలా పెంచాలో తెలుసుకోవడానికి దక్షిణాఫ్రికా దాకా పోలేని వాళ్లకు మన గుట్టలే పాఠం చెబుతాయి.

మట్టి గురించి పెద్ద చర్చ అక్కర్లేదు. సగానికి పైగా ముతక ఇసుక, నలగ్గొట్టిన ఇటుక ముక్కలు, సన్న కంకర, మిగతాది ఎర్రమట్టీ బాగా మాగిన ఎరువూ అయితే సరిపోతుంది. నల్లరేగడి వద్దు. కొబ్బరిపీచు పొడి ఎక్కువైతే వానాకాలంలో నీరు పట్టి ఉంచుతుంది, వేసవిలో ఎండిపోయి నీరు పట్టదు, రెండు విధాలా చెడ్డది. వేళ్లు పైపైనే ఉంటాయి గనుక లోతు కుండీ కన్నా వెడల్పు కుండీ మేలు, ప్లాస్టిక్ కన్నా మట్టిది మేలు. తీరప్రాంతంలో అక్టోబరు, నవంబరు తుపాను వానలు రోజుల తరబడి పట్టుకుంటాయి కాబట్టి అక్కడ పైన కప్పు తప్పనిసరి. తెలంగాణలో అంత అవసరం రాదు. పురుగుల్లో అసలు శత్రువు పిండినల్లి, అందులోనూ వేళ్లకు పట్టే రకం. కుండీలోంచి తీసి చూస్తే గాని అది బయటపడదు. కారణం తెలియకుండా మొక్క ఎదగడం మానేస్తే ముందు వేరు చూడాలి. కాడల మీద పట్టినదాన్ని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేయవచ్చు. కొత్త మొక్క కావాలంటే కాడను కణుపు దగ్గర కోసి, గాయం ఎండేదాకా వారం రోజులు నీడలో పడేసి, తరవాత ఇసుక మీద పడుకోబెడితే చాలు. నిలువుగా లోతుకు గుచ్చినవే ఎక్కువగా కుళ్లుతాయి. కుళ్లుకు తేలిగ్గా లొంగే అరుదైన జాతులను సిరోపీజియా వుడియై అనే బంధు తీగ దుంప మీద అంటుకట్టే పద్ధతి కూడా ఉంది.

ఇక పువ్వు. ఈ మొక్కను పెంచేది దానికోసమే, వదిలించుకునేదీ దానివల్లే. స్టపీలియా జైగాంటియా మొగ్గ గాలి నింపిన సంచిలా ఉబ్బి, ఒక రోజు అయిదు పాయలుగా విచ్చుకుంటుంది. పువ్వు అడ్డుకొలత పాతిక సెంటీమీటర్లు సులువుగా దాటుతుంది. లేత పసుపు మీద ద్రాక్షసారా రంగు సన్నని అడ్డగీతలు, అంచుల నిండా మెత్తని బొచ్చు. దగ్గరికి పోతే చచ్చిన ఎలుక కంపు. ఇదంతా ఈగల కోసం. కంపంటే అన్నింటిదీ ఒకటే కంపు కాదు. ఆండ్రియాస్ యూర్గెన్స్, స్టెఫాన్ డోట్టర్ల్, ఉల్రిష్ మేవె 2006లో ప్రచురించిన పరిశోధనలో ఈ కుటుంబపు పూల వాసనలను రసాయనికంగా విడదీసి చూశారు. కొన్నింటిలో గంధకం ఉన్న డైమిథైల్ డైసల్ఫైడ్, ట్రైసల్ఫైడ్‌లు ఎక్కువ, అవి కుళ్లిన మాంసాన్ని, మాంసాహారుల మలాన్ని పోలినవి. కొన్నింటిలో పారా క్రెసాల్ ఎక్కువ, అది పశువుల పేడ వాసన. మరికొన్నింటిలో హెక్సనోయిక్ ఆమ్లం, మూత్రపు వాసనకు దగ్గర. అంటే ఒక్కో జాతి ఒక్కో రకం ఈగలకు ఒక్కో రకం వల వేస్తోంది. వచ్చిన ఈగ గుడ్లు పెట్టడానికి చోటు వెతుకుతుంది. కొన్నిసార్లు నిజంగానే పువ్వు మధ్యలో తెల్లటి గుడ్ల కుప్ప పెట్టి పోతుంది. పొదిగిన పురుగులకు అక్కడ తిండి లేదు, చచ్చిపోతాయి. అయితే దీన్ని పచ్చి మోసమని తేల్చేయడం కూడా తొందరపాటే, ఎందుకంటే చాలా జాతులు కొద్దిగా తేనె కూడా ఇస్తాయి. పుప్పొడి పొడిగా రాలదు. జిల్లేడులో లాగే రెండు మైనపు ముద్దలు ఒక గట్టి కొక్కేనికి వేలాడుతుంటాయి. ఈగ కాలి నూగో తొండమో ఒక సన్నని చీలికలో ఇరుక్కుని, లాక్కునేటప్పుడు ఆ కొక్కెం దానికి పట్టుకుంటుంది. ఇంకో పువ్వు చీలికలో ముద్ద సరిగ్గా దూరితేనే కాయ. ఇంత ఇరుకైన పనికి ఈగలు గుంపులుగా రావాలి. గుంపులుగా రావాలంటే వాసన అంత ఘాటుగా ఉండాలి.

ఇంత బలిసిన పువ్వు కోసం మొక్క ఎక్కడ ఖర్చు పెడుతుందో తెలిస్తే, పూయడం లేదన్న ఫిర్యాదుకు జవాబు దొరుకుతుంది. స్టపీలియా మొగ్గ లేత కొమ్మల అడుగు భాగాన పుడుతుంది. ముసలి కాడ మళ్లీ పూయదు. అందుకే అడవిలో ఈ గుంపులు నడుమ చచ్చి, అంచుల్లో పెరుగుతూ పోతాయి. కుండీలో మూడు నాలుగేళ్లుగా కదపకుండా ఉంచిన గుత్తి పూయడం మానేసిందంటే దానికి కొత్త కొమ్మలకు చోటు లేదన్నమాట. ముసలి కాడలు కోసేసి, లేత ముక్కలు కొత్త మట్టిలో వేస్తే మరుసటి వానాకాలం చివరికి పూత వస్తుంది. పొటాష్ ఎక్కువుండే ఎరువు వేస్తే పూస్తుందన్న నమ్మకం బాగా పాకింది. ఎదుగుదల ఆగిన మొక్కకు ఏ ఎరువు వేసినా ఉపయోగం లేదు. నత్రజని మరీ ఎక్కువైతే కాడలు మెత్తబడి, వానకు కుళ్లుతాయి. ఆ మాటకొస్తే స్టపీలియా పూయకపోవడానికి ఎరువుల కన్నా వెలుతురు, కొత్త కొమ్మ, చలికాలపు విశ్రాంతి ఈ మూడింటి లోటే ఎక్కువగా కారణం.

ఇంట్లో ఇంత కంపు, ఈగలు ఆరోగ్యానికి చేటు కదా అన్నది తోసిపుచ్చలేని అభ్యంతరం. వంటింటి కిటికీ పక్కన స్టపీలియా జైగాంటియాను సమర్థించడం నా వల్ల కాదు. కానీ పువ్వు నిలిచేది కొద్ది రోజులే. తొలి రోజున్న ఘాటు మర్నాటికి తగ్గుతుంది. వాసన దూరం పోయేది తక్కువ, ముక్కు దగ్గర పెట్టినప్పుడే భరించలేనిది. ఇంటికి దూరంగా, గాలి ఆడే చోట ఉంటే ఇబ్బంది కొద్దిదే, పొద కింద బతికే మొక్కకు అదే మంచి చోటు కూడా. అంతకీ పడదనుకుంటే ఈ కుటుంబంలో వాసన మంచిదైనవీ లేకపోలేదు. స్టపీలియా ఫ్లావోపుర్పురియా పూలు తియ్యని వాసన వేస్తాయి. హుయర్నియా జెబ్రైనా ఎర్రని ఉంగరంలాంటి నడిమి వలయంతో కళ్లు తిప్పుకోనివ్వదు, కంపు చాలా తక్కువ. కాడ కోసి పంచుకునే వాళ్ల దగ్గర జైగాంటియా తప్ప మరోటి దొరకకపోవడం వల్లే ఈ కుటుంబమంతటికీ చెడ్డపేరు వచ్చింది. విత్తనాలతో పెంచితే ఎంపిక పెరుగుతుంది. ఒకే మొక్క నుంచి కోసి ఊరంతా పంచుకున్న ముక్కలు జన్యుపరంగా ఒకటే కాబట్టి వాటి మధ్య కాయ పట్టడం అరుదు, వేరే చోటి నుంచి వచ్చిన మొక్క పుప్పొడి కలిస్తే అవకాశం ఎక్కువ. విత్తనాలు కొనేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. 2017లో బ్రయిన్స్, ఆయన సహచరులు స్టపీలియాలు, హుయర్నియాలు, హూడియాలు అన్నింటినీ సిరోపీజియా అన్న ఒకే పెద్ద ప్రజాతిలో కలిపేశారు. అందరూ దానికి ఒప్పుకోలేదు. సిరోపీజియా జైగాంటియా అని కనిపించినా అది మన పాత మొక్కే.

విదేశీ మొక్క మన ఇంట్లో ఎందుకన్న ప్రశ్న చివరికి తప్పదు. ఆస్ట్రేలియా అనుభవం చూశాక దాన్ని తేలిగ్గా తీసేయలేం. కత్తిరించిన కాడలను చెత్తతో పాటు గుట్టల అంచున పారేయడం మానాలి, ఎందుకంటే నేల తాకిన ప్రతి ముక్కా వేరు పోస్తుంది. దీనికన్నా పెద్ద సమస్య అడవి నుంచి తవ్వకం. హూడియా గార్డోనియైని సాన్ ప్రజలు వేటకు పోయినప్పుడు ఆకలి తెలియకుండా నమిలేవాళ్లు. ఆ జ్ఞానం మీద దక్షిణాఫ్రికా ప్రభుత్వ పరిశోధన మండలి పేటెంటు తీసుకుంది. సాన్ ప్రజల అభ్యంతరాల తరవాత 2003లో లాభాల్లో వాటా ఒప్పందం కుదిరింది. సన్నబడే మందుగా హూడియా పేరు మార్కెట్లో మోగిపోయాక అడవి మొక్కల మీద ఎంత ఒత్తిడి పడిందంటే, అంతర్జాతీయ వర్తకాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో పట్టికలోకి దాన్ని 2004లో చేర్చవలసి వచ్చింది. మన కుందేటి కొమ్ములు కూడా ఇప్పుడు సన్నబడే మందుగానే పొడి రూపంలో, గుళికలుగా అమ్ముడవుతున్నాయి. దక్షిణాఫ్రికా మొక్కను పెంచే నేర్పు ఇక్కడ సూటిగా పనికొస్తుంది. అదే మట్టి, అదే వాలు ఎండ, అదే కాడ ముక్కల పద్ధతి కుందేటి కొమ్ములకూ సరిపోతాయి. మిద్దె మీద స్టపీలియా కుండీకి చోటున్న వాళ్లకు ఇదీ పెద్ద పని కాదు. తవ్విన మొక్క కాకుండా ఎవరి కుండీలోంచైనా కోసిన ముక్కో, కాయలోంచి తీసిన గింజో తెచ్చుకుంటే చాలు.